దీపాలవేళ సైకిలు

వంతెన దగ్గర ఉద్యోగం పోయాక నేను ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాను. ఇరవై ఏళ్ళకు పైగా ఫ్రానెకర్ ఊరి కాలవ మీద, గాజు గదిలో కూర్చుని పనిచేశాను. పడవ కనిపించగానే రోడ్డుకు గేట్లు దించడం, వంతెన లేపడం, పడవ దాటాక మళ్ళీ దించడం. ఇప్పుడా పని ఎక్కడో దూరాన ఒక హాల్లో కూర్చున్నవాళ్ళు తెరల మీద చూసి చేస్తున్నారు. వంతెనకు కెమెరాలు బిగించి నన్ను ఇంటికి పంపారు. పంపే రోజున తోటివాళ్ళంతా కలిసి నాకేం బహుమతి ఇచ్చారనుకున్నారు? కెమెరా. అందులోని వెటకారం అక్కడ ఒక్కరికీ తట్టలేదు. నేను కూడా పళ్ళికిలించి, చప్పట్లు కొట్టించుకుని ఇంటికొచ్చాను.

మా ఆయన వోప్కె బళ్ళో పిల్లలకు వడ్రంగం నేర్పుతాడు. నెమ్మదస్తుడు. నేను అలమరాలు సర్దడం, సర్దినవి మళ్ళీ సర్దడం, మెట్ల కింద చీపుర్లను కూడా పొడుగు వారీగా నిలబెట్టడం కొన్నాళ్ళు ఓపిక పట్టి చూశాడు.

"రెన్‌స్కె, నా ఊలు మేజోళ్ళు ఎక్కడ పెట్టావో చెప్పేసి, ఆ కెమెరా మెళ్ళో వేసుకుని బయటపడు తల్లీ," అన్నాడు ఒక పొద్దున. "నువ్వింట్లో ఉంటే కుర్చీలు కూడా భయపడుతున్నాయి."

"కెమెరాతో ఏం చెయ్యను? నాకేం వచ్చని?"

"వంతెన లేపడం మాత్రం పుట్టుకతో వచ్చిందా?"

ఫోన్లో వెతికితే ఒక గుంపు దొరికింది. జ్వోలె ఊళ్ళో ఉండే వోల్కర్ట్ అనే ఆయన నడుపుతాడు. రోజూ పొద్దున్నే ఒక మాట ఇస్తాడు. 'నీలం' అంటాడు, 'గుండ్రం' అంటాడు, 'ఆకలి' అంటాడు. ఆ మాటకు తగ్గ ఫోటో తీసి నిద్రపోయే లోపల పంపాలి. ఏడాదంతా రోజూ పంపాలి. ఒక్క రోజు తప్పినా గుంపులోంచి తీసేస్తాడు, జ్వరమొచ్చింది, పెళ్ళికి వెళ్ళాం అంటే వినడు. నాకు అదే నచ్చింది. పొద్దున లేవగానే నాకో పని ఉంది, అది చేసి తీరాలి.

మొదటి ఫోటో సహజంగానే నా వంతెనదే పంపాను. వోల్కర్ట్ కింద ఇలా రాశాడు: "వంతెన నిటారుగా ఉంది. అంతకుమించి చెప్పడానికేం లేదు."

ఆయనకు మెచ్చుకోవడం చేతకాదు గానీ నేర్పడం బాగా చేతనవును. లెన్సు కన్ను ఎంత తెరవాలో, ఎప్పుడు చిన్నది చెయ్యాలో, వెలుగు మనిషి మొహం మీద ఎటునుంచి పడితే మొహంలా ఉంటుందో ఒక్కో రోజు ఒక్కో వాక్యంలో చెప్పేవాడు. నేను దాన్ని పట్టుకుని రోజంతా ఊరి మీద పడేదాన్ని. తింటున్నా అదే ఆలోచన, అంగట్లో నిలబడినా అదే ఆలోచన. 'గుండ్రం' రోజున వోప్కె బట్టతల తీసి పంపాను. 'నలుపు' రోజున ఏం తియ్యాలా అని ఆలోచిస్తూ కూర్చుంటే పొయ్యి మీద బంగాళాదుంపలు మాడిపోయాయి, వాటినే తీసి పంపాను. వోప్కె ఆ రాత్రి బ్రెడ్డూ చీజూ తిని పడుకున్నాడు.

ఆకులన్నీ రాలిపోయాక, సాయంత్రాలు తొందరగా చీకటిపడే రోజుల్లో వోల్కర్ట్ 'కదలిక' అన్నాడు. ఈసారి వారమంతా అదే మాట. రోజుకో ఫోటో, అన్నీ కదలికే.

"షట్టరు కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచండి," అని రాశాడు. "వచ్చే సైకిలు వేగంతోనే కెమెరాని కూడా తిప్పండి. వీధి చెరిగిపోవాలి, మనిషి నిలవాలి. చెయ్యి తడబడితే మనిషీ ఉండదు, వీధీ ఉండదు."

నేను మా ముందు గది కిటికీలో నిలబడి వచ్చేపోయే సైకిళ్ళ వెంట కెమెరా తిప్పడం మొదలుపెట్టాను. మొదటి రోజు అన్నీ కేకు మీద పూసిన క్రీములా వచ్చాయి. రెండో రోజు ఒక చక్రం నిలిచింది. వోల్కర్ట్ "చక్రానికి అభినందనలు" అన్నాడు. నాకు పట్టుదల పెరిగింది. దీపాలు పెట్టే వేళ బావుంటుందని నాకే తెలిసింది. అప్పుడు వీధిలో ఉన్న వెలుతురూ ఇళ్ళలో ఉన్న వెలుతురూ ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. కాస్త ముందైతే కిటికీలు నల్లగా వస్తాయి, కాస్త ఆలస్యమైతే వీధి నల్లగా వస్తుంది.

మాకు సరిగ్గా ఎదురిల్లు ఉల్బె హూకెమా గారిది. ఆయన పాత పడవ సరంగు. నా వంతెన కింద నుంచి ఆయన పడవ ఎన్నిసార్లు వెళ్ళిందో. వెళ్ళేటప్పుడు చుక్కాని మీద నుంచి రెండు వేళ్ళు లేపేవాడు, మా ఇద్దరి మధ్య మాటలంటే అవే. ఇప్పుడు పెద్దవాడైపోయి, ఒంటరిగా, సాయంత్రం అవగానే దీపం వేసుకుని కిటికీ పక్కన పేపరు పట్టుకుని కూర్చుంటాడు. మా వీధిలో కర్టెన్లు ఉన్నది పక్కకు లాగి కట్టడానికే. దారినపోయేవాళ్ళు లోపలికి ఓ చూపు చూస్తారు, నడుస్తూనే. ఆగి చూస్తే మర్యాద తెలియని మనిషి కింద లెక్క. పట్టపగలు కర్టెన్లు మూసి ఉన్నాయంటే మాత్రం ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం, టోపీ తీసి గొంతు తగ్గించి నడుస్తాం.

రోజూ దీపాలవేళ ఒక ఆకుపచ్చ సైకిలు వచ్చేది. దాని మీద నలభై దాటిన ఆడమనిషి, చెవుల దాకా ఊలు టోపీ. మిగతావాళ్ళంతా వానకు తల దించుకుని ముందుకు చూస్తూ తొక్కుతుంటే, ఈమె మాత్రం హూకెమా ఇంటి ముందుకు రాగానే కాస్త నెమ్మదించి తల అటు తిప్పేది. నాకు కావలసింది అదే, నెమ్మదైన సైకిలు. రోజూ ఆమె కోసం కాసుకుని కూర్చునేదాన్ని.

వారం చివర ఒక సాయంత్రం నా చేతులకు ఏమొచ్చిందో, కెమెరా ఆమెతో పాటు నూనె రాసినట్టు తిరిగింది. ఫోటో చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రాళ్ళ వీధి, గోడలు, చక్రాలు అన్నీ గీతలుగా సాగిపోయాయి. ఆ ఇల్లు దాటుతూ భుజం మీదుగా వెనక్కి తిప్పిన ఆమె మొహం, ఒక పక్క నుంచి, నిలిచింది. పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకొచ్చిన మనిషి వెనక్కి తిరిగి చూసే చూపు అది. ఆమె వెనకాల కిటికీలో, దీపం కింద, కాస్త చెరిగినా గుర్తుపట్టేలా హూకెమా గారు. చేతిలో పేపరుంది కానీ కళ్ళు పేపరు మీద లేవు. ఆమె మీదున్నాయి.

నాకు కాళ్ళు ఒకచోట నిలవలేదు. ముందు గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి ముందు గదిలోకి. 'ఎవరి కోసం?' అని పేరు పెట్టి వోల్కర్ట్‌కి పంపేశాను. ఆ తర్వాత వోప్కెకి చూపించాను.

వోప్కె కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "హూకెమాని అడిగావా?"

"ఆయన్నెందుకు అడగాలి? నేను తీసింది వీధిని."

"వీధిలో ఆయన కూర్చుని ఉన్నాడు కదా."

"కర్టెన్ తీసుంటే కనపడడా మరి? ఊళ్ళో అందరూ చూస్తారు!"

"నడుస్తూ చూస్తారు రెన్‌స్కె," అన్నాడు వోప్కె. "నువ్వు కిటికీలో వారం రోజులు నిలబడ్డావు."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళకు ఒక్కటి కుదిరితే ఈయన నసుగుడు ఒకటి. మర్నాడు వోల్కర్ట్ రెండే మాటలు రాశాడు: "ఇది ఫోటో." ఆ రెండు మాటలు చదువుకుని వంటింట్లో గంతులేశాను, అబద్ధం ఎందుకు. ఆ వారానికి అదే మేటి ఫోటో అన్నాడు. మా ప్రాంతం వార్తలు నెట్‌లో వేసే పేజీ వాళ్ళు వాడుకోవచ్చా అని అడిగితే, వాడుకోండి అన్నాను.

పేజీలో దాని కింద ముక్కూమొహం తెలియనివాళ్ళంతా తలో మాట రాశారు. ప్రేమ వ్యవహారమన్నారు, దొంగ అన్నారు, అప్పులమనిషి అన్నారు. నేను ఒక్కొక్కటీ చదివి నవ్వుకుంటున్నాను. అప్పుడొకడు రాశాడు: "ఇది మా ఫ్రానెకరే. కిటికీలో ఉన్నది సరంగు హూకెమా. సైకిలు మీద ఉన్నది ఆయన కూతురు నింకె. తండ్రి మొహం చూడనని వెళ్ళిపోయి ఏళ్ళయింది. ఇప్పుడు దొంగచూపులు చూస్తోంది, చూడండి!" పక్కన పగలబడి నవ్వే బొమ్మ.

నా నవ్వు ఆగిపోయింది. కోటు కూడా వేసుకోకుండా ఫెన్నా ఇంటికి పరిగెత్తాను. ఫెన్నా అంటే హూకెమా గారి పక్కింటావిడ, నా ఈడుదే. తలుపు తీస్తూనే తెలిసింది, ఆమె కూడా పేజీ చూసిందని. కాఫీ పోసింది కానీ బిస్కెట్ల డబ్బా తియ్యలేదు.

"నాకు తెలీదు ఫెన్నా. ఆమె ఆయన కూతురని నాకెలా తెలుస్తుంది?"

"వీధిలో అందరికీ తెలుసు, నీకు తప్ప. నువ్వు పడవల్ని చూస్తూ బతికావు, మనుషుల్ని ఎప్పుడు చూశావు గనక!" అంది. తర్వాత కాస్త చల్లబడి చెప్పుకొచ్చింది. "వాళ్ళమ్మకి జబ్బు ముదిరినప్పుడు నింకె ఓడ మీద పనికి వెళ్ళుంది, ఉత్తరాన ఎక్కడో. పిల్ల పని మానుకుని వస్తుంది, చెప్పొద్దని ఆ తల్లి ఈయన చేత ఒట్టేయించుకుంది. ఈయన నిజంగానే చెప్పలేదు. పిల్ల వచ్చేసరికి అంతా అయిపోయింది. అమ్మని మట్టిచేసిన రోజున వెళ్ళిపోయింది, మళ్ళీ ఆ గడప తొక్కలేదు."

"మరి రోజూ ఈ దారిన..."

"ఈత కొలనులో పిల్లలకి ఈత నేర్పుతుంది ఇప్పుడు. అక్కణ్ణించి వాళ్ళింటికి చర్చి పక్క దారి దగ్గర. అయినా ఇటే వస్తుంది. ఆ వేళకి ఈయన దీపం వేసుకుని కూర్చుంటాడు. ఆమె చూస్తుంది, ఈయనున్నాడు. ఈయన చూస్తాడు, ఆమె వచ్చింది. వాళ్ళ మాటలన్నీ అవే. మేమెవ్వరం దాని గురించి ఇంతవరకు నోరెత్తలేదు తెలుసా? నోరెత్తితే ఆగిపోతుందని."

ఇంటికొచ్చి ఫోటో తీసేశాను. పేజీ వాళ్ళకు ఫోన్ చేసి గొడవపెట్టుకుని అక్కడా తీయించాను. ఊరంతా అప్పటికే చూసేసింది. ఆ సాయంత్రం దీపాలవేళ కిటికీలో నిలబడ్డాను. అన్ని సైకిళ్ళూ వచ్చాయి, ఆకుపచ్చది రాలేదు. ఎదురుగా హూకెమా గారు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మామూలుగా భోజనం వేళకు వంటింట్లోకి లేచి వెళ్ళే మనిషి, ఆ రోజు లేవలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆయన అలా ఎదురుచూస్తుంటే, నేను ఇవతల నిలబడి గోళ్ళు కొరుక్కోవడం తప్ప చేయగలిగింది లేదు. ఎవరినో కొట్టి ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో రోజూ చూస్తున్నట్టుండేది.

ఒక పొద్దున లేచి చూసేసరికి ఎదురింటి కర్టెన్లు మూసి ఉన్నాయి. ఈ చివర నుంచి ఆ చివరకు, సందు లేకుండా.

చెప్పులు ఎడమది కుడికి, కుడిది ఎడమకు వేసుకుని వీధి దాటాను. అప్పటికే ఫెన్నా ఆయన తలుపు దగ్గర వంగి, ఉత్తరాలు వేసే సందులోంచి మాట్లాడుతోంది.

"బతికే ఉన్నాడు," అంది నడుం పట్టుకుని లేస్తూ. "నా కిటికీ, నా కర్టెన్, నా ఇష్టం, పోయి నీ పని చూసుకో అన్నాడు."

నేనూ వంగాను. "హూకెమా గారూ, నేను, రెన్‌స్కెని. తప్పయిపోయింది. ఒక్కసారి తలుపు తీస్తారా?"

"ఇంట్లో లేను," అన్నాడు లోపల్నుంచి.

మర్నాడు నారింజ కేకు చేసి తీసుకెళ్ళి గంట కొట్టాను. ఇంట్లో లేనన్నాడు. కేకు గుమ్మంలో పెట్టొస్తే సాయంత్రానికి అది మా గుమ్మంలో ఉంది. మళ్ళీ మర్నాడు వెళ్ళాను. "ఆయన్ని వదిలెయ్యి," అని వోప్కె మొత్తుకున్నాడు. నావల్ల కాలేదు. ఊరుకుంటే ఏం చేసినట్టు? రోజూ ఏదో వేళ వెళ్ళి గంట కొట్టడం, ఆయన లేననడం. వీధి తీరే మారిపోయింది. పిల్లలు ఆ ఇంటి ముందు బంతి ఆడటం మానేశారు. వెళ్ళేవాళ్ళు గొంతు తగ్గించి వెళ్తున్నారు. ఎవరో తెలియనివాళ్ళు గుమ్మంలో తెల్లపూలు పెట్టి పోతే, ఆయన వాటిని తలకిందులుగా చెత్తడబ్బాలో గుచ్చాడు.

ఒకరోజు ఆగలేక ఈత కొలనుకు వెళ్ళాను, నింకెతో మాట్లాడదామని. గాజు గోడకు అవతల పిల్లలంతా బట్టలతో, బూట్లతో నీళ్ళలో కొట్టుకుంటున్నారు. ఇక్కడ ఈత పరీక్ష అలాగే ఉంటుంది, కాలవలో పడ్డప్పుడు ఎవరూ బట్టలు విప్పుకుని పడరు కదా. నింకె గట్టు మీద నడుస్తూ, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ధైర్యం చెబుతోంది. నేను గాజుకు దగ్గరగా వెళ్ళాను. ఆమె తలెత్తి నన్ను చూసింది, నా మెళ్ళో ఉన్నదాన్ని చూసింది, ఈల తీసి గట్టిగా ఊదింది. ఒకతను వచ్చి, ఇక్కడ పిల్లలున్నారు, కెమెరాలు తేకూడదు, బయటికి నడవండి అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. దాన్ని ఇంట్లో పెట్టి వెళ్ళాలన్న జ్ఞానం కూడా లేకపోయింది, మెళ్ళో అలా అలవాటైపోయింది.

ఇంత జరుగుతున్నా రోజూ ఫోటో పంపుతూనే ఉన్నాను. తలుపు గొళ్ళెం, ఎండిన కుండీ, తడి రోడ్డు. "మీ ఫోటోల్లోంచి మనుషులు ఎక్కడికి పోయారు?" అని అడిగాడు వోల్కర్ట్. నేను ఇంకో గొళ్ళెం తీసి పంపాను.

ఆ తర్వాతి శనివారం వోల్కర్ట్ ఇచ్చిన మాట 'ఇద్దరు'. మధ్యాహ్నం కాకముందు, ఏం తియ్యాలో తోచక కాఫీ కప్పు పట్టుకుని కిటికీలో నిలబడ్డాను. వీధి మలుపు తిరిగి ఆకుపచ్చ సైకిలు వచ్చింది. ఎప్పుడూ రాని వేళ అది. టోపీ లేదు, జుట్టు మొహాన పడుతోంది, నిలబడి తొక్కుతోంది. హూకెమా ఇంటి ముందు దిగీ దిగకుండానే సైకిలు వదిలేసింది. అది రాళ్ళ మీద పడి చక్రం గిర్రున తిరుగుతూనే ఉంది. సంచిలోంచి బ్రెడ్డు దొర్లి బయటపడింది. నింకె గంట మీద వేలు పెట్టి తియ్యలేదు. తర్వాత రెండు చేతులతో తలుపు బాదింది.

నేను వీధి దాటుతుండగానే లోపల్నుంచి ఆయన కేక వినిపించింది.

"ఇంట్లో లేనని ఎన్నిసార్లు చెప్పాలి! నీ కేకు నువ్వే తిను!"

నింకె చేతులు గాల్లో ఆగిపోయాయి. రెండడుగులు వెనక్కి వేసి మెట్టు మీద కూలబడింది. నేను పక్కకు వెళ్ళినా ఎవరని అడగలేదు.

"బతికే ఉన్నాడు," అంది.

"ఉన్నారండీ. ఆ తిట్లు నాకు. నేననుకున్నారు."

"బేకరీలో వరసలో నిలబడ్డాను," అంది, ఊపిరి అందక ఆగి ఆగి. "ఎవరో పెద్దావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మీ నాన్న మంచివాడమ్మా, చివర్లో బాధపడ్డాడా అంది. ఏంటండీ అంటే, కర్టెన్లు మూశారుగా, చూశాను అంది." చేత్తో మొహం తుడుచుకుంది. "అమ్మ పోయినప్పుడూ ఇంతే. స్టేషన్ నుంచి నడిచొస్తున్నాను, భుజాన ఇంత సంచి. మలుపు తిరిగేసరికి కర్టెన్లు మూసున్నాయి. అంతవరకు నాకెవ్వరూ చెప్పలేదు. నాకు కర్టెన్ చెప్పింది."

అప్పుడే ఆమె నా మెళ్ళోకి చూసింది.

"ఆ ఫోటో మీరేనా?"

"నేనే."

"బాగా వచ్చింది," అంది. చెంప మీద కొట్టినా బావుండేది. "నేనట్లా చూస్తున్నానని నాకే తెలీదు. ఇప్పుడు ఊరంతటికీ తెలుసు. కొలనులో పిల్లల అమ్మలు కూడా అడుగుతున్నారు." లేచి నిలబడి కోటు దులుపుకుంది. "సరే. ఉన్నాడు కదా. నాకది చాలు."

వంగి సైకిలు హ్యాండిలు పట్టుకుంది. ఇప్పుడీమె వెళ్ళిపోతే ఇంక ఈ దారిన రాదు. ఆయన కర్టెన్ తియ్యడు. రోజుకొక చూపు మిగిలి ఉండేది వాళ్ళకి, అదీ నా పుణ్యమా అని పోయింది.

"ఒక్క నిమిషం ఆగండి," అని, ఆమె వద్దనే లోపల తలుపు సందు దగ్గర వంగాను. "హూకెమా గారూ! మీ అమ్మాయి వచ్చింది!"

లోపల అడుగులు దగ్గరకొచ్చాయి. తర్వాత ఆయన గొంతు, తలుపుకు బాగా దగ్గరగా. "రెన్‌స్కె, సిగ్గుండాలి నీకు. ఇప్పుడు ఇదొక ఎత్తా? నన్ను కిటికీలోకి రప్పించి ఇంకో ఫోటో పీకుదామనా?"

"ఒట్టండీ, నిజంగా వచ్చింది! ఇక్కడే ఉంది, ఆకుపచ్చ సైకిలు..."

"సైకిలు రంగు ఇప్పుడు ఊరందరికీ తెలుసు. పో ఇంక."

నేను లేచి నింకె వైపు తిరిగాను. "నా మాట నమ్మరు. మీరనండి."

"ఏమనాలి?"

"ఏదో ఒకటి అనండి."

"ఇన్నేళ్ళ తర్వాత ఏదో ఒకటి ఏంటండీ?" అంది. హ్యాండిలు వదల్లేదు, అడుగు వెయ్యలేదు. వీధి చివర్న ఎవరిదో కుక్క మొరిగి ఊరుకుంది. నేను ఏదో అనబోయి, బతుకులో మొదటిసారి కాబోలు, నోరు మూసుకున్నాను.

నింకె సైకిలును మళ్ళీ పడేసింది. తలుపు దగ్గరకు వచ్చి, సందు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"నాన్నా," అంది. "కర్టెన్ తియ్యి. ఊళ్ళో నువ్వు పోయావనుకుంటున్నారు."

లోపల ఏదో కింద పడింది. గడియ లాగుతున్న చప్పుడు, ఒకసారి తప్పి, మళ్ళీ. తలుపు తెరుచుకుంది. హూకెమా గారు గడ్డం మాసి, ఇంటి చెప్పులతో నిలబడ్డాడు. ఆయన అంత చిన్నగా ఉంటాడని నాకు తెలియదు, కిటికీలో కూర్చుంటే పెద్ద మనిషిలా కనపడేవాడు. కూతురు లేచి నిలబడింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సైకిలు దారికడ్డంగా పడేశావు," అన్నాడు. "ఎవరైనా తట్టుకుని పడతారు."

నింకె వెళ్ళి సైకిలు లేపి గోడకు ఆనించింది.

"బ్రెడ్డు కూడా," అన్నాడు.

బ్రెడ్డు తీసుకుని, తడి తుడిచి చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆయన నా వంక చూడకుండా తలుపు వేశాడు.

నేను నడివీధిలో నిలబడిపోయాను. ఇంటికి వెళ్ళాలి, కాళ్ళు వెళ్ళనివ్వలేదు. కర్టెన్ కదిలింది. కూతురు అడిగింది కదా, ఆయన ఈ చివర నుంచి ఆ చివరకు బారుగా తెరిచేశాడు. లోపల దీపం వెలుగుతోంది. నింకె కోటైనా విప్పకుండా బల్ల దగ్గర కూర్చుని రెండు చేతుల్లో మొహం దాచుకుంది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆయన వెళ్ళి ఆమె వెనకాల నిలబడ్డాడు. ఆమె తల మీద చెయ్యి వెయ్యాలని ఎత్తి, వెయ్యాలో వద్దో తెలియక ఆ చెయ్యి అలాగే పట్టుకుని ఉన్నాడు.

'ఇద్దరు.' ఆ ఏడాదిలో నా కంటికి కనిపించిన అన్నిటికన్నా గొప్ప ఫోటో అది. వెలుగు ఎటునుంచి పడాలో అటునుంచే పడుతోంది. నా చెయ్యి నన్ను అడగలేదు, కెమెరా దాని అంతటదే సగం దాకా లేచింది, వేలు బటన్ మీదకు పోయింది. తియ్యాలనే ఉంది నాకు. చాలా తియ్యాలని ఉంది.

నింకె తలెత్తి కిటికీలోంచి నన్ను చూసింది. తండ్రితో ఏదో అంది. హూకెమా గారు కిటికీ దగ్గరకు వచ్చాడు. నా చేతిలో సగం లేచిన కెమెరాను చూశాడు. కోపంగా ఏమీ లేడు. నాకు రెండు వేళ్ళు కూడా లేపలేదు. కర్టెన్ పట్టుకుని మెల్లగా, సందు లేకుండా మూసేశాడు.

కెమెరా దించాను. ఆ రోజు ఏ ఫోటో పంపలేదు, మర్నాడు వోల్కర్ట్ నన్ను గుంపులోంచి తీసేశాడు. అది వేరే సంగతి.

ఫెన్నా అంగడి నుంచి సంచులతో వస్తూ, వీధి మధ్యలో నన్నూ ఆ కిటికీనీ చూసి పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఇంకా మూసే ఉందా? ఏమైంది రెన్‌స్కె, మొహం అలా ఉందేంటి? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. కూతురొచ్చింది."

ఫెన్నా సంచులు కింద పెట్టేసింది. "నింకెనా? లోపలికా?" గోడకున్న ఆకుపచ్చ సైకిలు చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. కాసేపటికి మళ్ళీ అనుమానం వచ్చింది. "కూతురొస్తే పట్టపగలు కర్టెన్ మూయడమేంటి?"

"అందుకే మూశారు," అని, ఆమె సంచి ఒకటి అందుకున్నాను. ఆ కిటికీ ముందు నుంచి ఇద్దరం ఆగకుండా నడిచాం.